బోణీ అయ్యేదాకా గోడ పక్కన

మొన్న నా మనవరాలు, అంటే నా కూతురి కూతురు, బెంగళూరు నుంచి నాలుగు రోజుల సెలవు మీద వచ్చి, మంచం మీద కాళ్లు మడుచుకుని కూర్చుని, పరీక్షకు చదివే పిల్లలా ఏవో కాగితాలు వల్లె వేస్తూ ఉంటే, నేను పక్కనే చాప మీద చింతపండులో గింజలు తీస్తూ విన్నాను. అది పనిచేసే కంపెనీ వాళ్లు వచ్చే నెలలో దాన్ని వేరే దేశాల వాళ్లతో వ్యాపారం మాట్లాడటానికి కూర్చోబెడతారట, అందుకని ఎవరి ముందు ఎట్లా మసలుకోవాలో నేర్పారట. ఒక దేశం వాళ్లకు పేరు అచ్చువేసిన చీటీని రెండు చేతులతో ఇవ్వాలి, ఇంకొక దేశం వాళ్లతో టీ తాగకముందే ధర ఎత్తకూడదు, మరొకరు మాట్లాడకుండా ఊరకే కూర్చున్నారంటే వద్దన్నట్టు కాదు, ఆలోచిస్తున్నట్టు. ఇదంతా అప్పజెప్పి అప్పజెప్పి అలసిపోయి, మీ కాలంలో ఈ తిప్పలు లేవులే జేజీ అని నా వైపు చూసి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దాంతో పాటు కొంచెం రోషమూ వచ్చింది. ఆ తిప్పలు నేను పడబట్టే దాని తల్లి బడిమెట్టు ఎక్కింది, దాని తల్లి ఎక్కబట్టే ఇది బెంగళూరు పోయింది. ఆ మాట అన్నందుకు అది ఆ కాగితాలు వెనక్కి తిప్పి, చెప్పు జేజీ రాసుకుంటాను అని కూర్చుంది. నాకు సంతకం వరకే వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. మాట నాది, అక్షరం దానిది.

మా అత్తగారిల్లు ఆళ్లగడ్డ. భూమి ఉండేది గానీ వానను నమ్ముకున్న భూమి, అందుకని మా మామ వయసులో ఉన్నప్పటి నుంచే ఇంట్లో అడవి సరుకు వ్యాపారం కూడా ఉండేది. రుద్రవరం దాటి నల్లమల అంచున ఉన్న ఒక చెంచు గూడేనికి బండి మీద జొన్నలు, ఉప్పు, ఎండుమిరపకాయలు, పొగాకు తీసుకుపోయేవాళ్లు, వాటికి మారుగా కుంకుడుకాయలు, తేనె, చిల్లగింజలు తెచ్చి నంద్యాల మండీలో అమ్మేవాళ్లు. చిల్లగింజలంటే నా మనవరాలికి తెలియదు గానీ నా ఈడు వాళ్లకు చెప్పక్కరలేదు, కడవ లోపల ఆ గింజను అరగదీస్తే ఎంత బురదనీళ్లయినా తెల్లారేసరికి తేటపడి అడుగు కనిపించేది. గట్టిగా వాన పడిన రోజుల్లో మా ఊళ్లో ప్రతి ఇంటి గూట్లోనూ నాలుగు గింజలు ఉండేవి.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు మా ఆయన పోయారు. మూడు రోజుల జ్వరం, అంతే. నాకు ఇరవై నిండలేదు, కూతురికి రెండేళ్లు. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది, ఇంట్లో మిగిలింది మామ ఒక్కడే. మామ మంచి మనిషే, కానీ అప్పటికే కాళ్లు వాచి నాలుగడుగులు వేస్తే కూలబడేవాడు, అడవి దాకా పోవడం ఆయన వల్ల అయ్యేది కాదు. దినాలు అయిపోయిన తరువాత మా అన్న పగిడ్యాల నుంచి వచ్చి, చెల్లెల్నీ బిడ్డనూ తీసుకుపోతానన్నాడు, గూడెం వ్యాపారాన్ని రుద్రవరంలో ఒక షావుకారుకు అప్పగించేస్తే సరిపోతుందని నలుగురూ అన్నారు. మా వదిన చెడ్డది కాదు. కానీ మొగుడు పోయి పుట్టింట చేరిన ఆడదానికి ఆ ఇంట్లో వేళకు అన్నం ఉంటుంది గానీ మాట ఉండదు, దాని బిడ్డకు మాట అసలే ఉండదు. నేను తలుపు పక్కన నిలబడి, గూడేనికి నేను పోతానని అన్నాను. మా అన్న చెప్పులు వేసుకుని బయటికి పోయి వీధిలో నిలబడ్డాడు. మామ రెండు రోజులు ఆలోచించి, ఈ ఒక్క కుంకుడు కాలం పోయి చూడు, సరుకు తెచ్చి మండీలో అమ్మగలిగితే వ్యాపారం నీది, లేదంటే రుద్రవరం షావుకారుకు కబురు పెడతాను, నువ్వు మీ అన్న ఇంటికి పోవాలి, అన్నాడు.

ఆ తరువాత పది రోజులు మామ నాకు నేర్పిన నేర్పు ఇప్పటికీ మరిచిపోలేదు. బేరానికి బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అంగట్లో సరుకు లేదని అనకూడదు, నిండుకుంది అనాలి. ఎదుటివాడు ధర చెప్పిన వెంటనే తల ఊపకూడదు, ఊపితే వాడు తక్కువ చెప్పానేమో అని రాత్రంతా బాధపడతాడు. నంద్యాల మండీలో ధర నోటితో చెప్పరు, తువ్వాలు కప్పి దాని కింద వేళ్లు పట్టుకుని చెబుతారు, ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అరచేయి మొత్తం పట్టుకుంటే అయిదు, వేలి సగం నొక్కితే అర్ధ. ఇదంతా ఆయన నా చేయి ముట్టకుండా, తన ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో పట్టుకుని చూపించి నేర్పాడు. అన్నిటికంటే ఎక్కువ సార్లు చెప్పింది మాత్రం ఒకటే. పొద్దున్నే ఎవరి అంగడికి పోయినా ఎదురుగా నిలబడవద్దు, బోణీ అయ్యేదాకా గోడ పక్కన, మొహం అటు తిప్పి నిలబడు, వాళ్లు పిలిచినప్పుడు పో. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు. నొప్పించడానికి చెప్పింది కాదని నాకు తెలుసు. బొట్టూ గాజులూ లేని ఆడది పొద్దున్నే ఎదురుపడితే ఆ రోజు బేరం చెడుతుందని ఊరంతా నమ్మేది, నిజం చెప్పాలంటే నేనూ నమ్మేదాన్ని. పెళ్లికి ముందు పగిడ్యాలలో, మొగుడు పోయిన మా చిన్నత్త కనిపిస్తే దారి మార్చి పోయినదాన్ని కదా.

బండి తోలడానికి మామకు నమ్మకమైన మనిషి ఒకడు ఉండేవాడు, నేను అన్నా అనేదాన్ని. అతను గూడెంలో ఎప్పుడూ ఎద్దుల దగ్గరే ఉండిపోయేవాడు, అక్కడి మర్యాదలు అతనికీ తెలియవు. బిడ్డను మామ దగ్గర ఉంచి, ఇద్దరం ముందు రోజు బయలుదేరి, రుద్రవరంలో తెలిసినవాళ్ల ఇంట ఆగి, పొద్దున్నే గూడెం చేరాం. గూడెం మొదట్లో ఒక ఇప్పచెట్టు ఉంది. నేను బండి దిగి, ఆ చెట్టు పక్కన, గుడిసెలకు వీపు పెట్టి, కొంగు నిండా కప్పుకుని నిలబడ్డాను. బండి అన్న ముందుకు పోయి జొన్నమూట విప్పి ఒక బేరం కానిచ్చి పిలిస్తే, అప్పుడు లోపలికి పోదామని నా ఆలోచన. ఎంతసేపయినా పిలుపు రాలేదు. కొంగు సందులో నుంచి చూస్తే గుడిసెల ముందు గంపల నిండా కుంకుడుకాయలు ఉన్నాయి, మనుషులు గంపల పక్కన కూర్చుని నా వీపు వైపు చూస్తున్నారు. కాసేపటికి ఒకరి తరువాత ఒకరు లేచి గంపలు లోపల పెట్టుకున్నారు.

అప్పుడు ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది. జుట్టు ముడి వేసుకుని, చేతిలో గడ్డలు తవ్వే కోల పట్టుకుని, నా కంటే పొట్టిది, నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“ఏందమ్మా, ఆడనే నిలబడినావ్? మా గాలి తగిలితే మైల పడతావా?”

నేను తల ఇంకా వంచుకున్నాను. పెద్దవాళ్లు నిలదీసినప్పుడు తల వంచుకుని ఊరుకోవడమే మా ఇళ్లలో మర్యాద. ఆ అవ్వకు అది బదులు చెప్పడానికి కూడా ఇష్టం లేనట్టు అనిపించింది. వెనక్కి తిరిగి పోయింది. బండి అన్న ఎంత బతిమాలినా ఎవరూ గంప బయటికి తీయలేదు. కోపపడనూ లేదు, తిట్టనూ లేదు, మేము అక్కడ లేనట్టు వాళ్ల పనులు వాళ్లు చేసుకున్నారు. తీసుకుపోయిన జొన్నలు తీసుకుపోయినట్టే తెచ్చుకున్నాం.

మామ అరుగు మీద కూర్చుని బండిలో మూటలు చూశాడు. చూసి, ఒక్కటే అడిగాడు.

“నువ్వు యాడ నిలబడినావ్ మ్మా?”

చెప్పాను. ఆయన మోకాళ్లు రుద్దుకుంటూ అసలు సంగతి చెప్పాడు. ఆ గూడెంలో వచ్చిన మనిషి నేరుగా గుడిసె ముందుకు వచ్చి నేల మీద కూర్చోవాలట, వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగాలట, అప్పుడు గాని సరుకు మాట ఎత్తకూడదట. దూరంగా నిలబడేది రెండు రకాల వాళ్లేనట, అడవి జవానులూ, గూడెం వాళ్లను ముట్టుకుంటే అంటు అనుకునేవాళ్లూ. మా ఆయన పోయిన ప్రతిసారీ వాళ్ల నేల మీదే కూర్చునేవారట, నాకు ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. మామ నాకు అన్నీ నేర్పి ఇది ఎందుకు నేర్పలేదంటే, ఆయన పుట్టి బుద్ధెరిగి ఎక్కడా పక్కకు నిలబడిన మనిషి కాదు, నేర్పిన మర్యాద ఇంకొకచోట అవమానం అవుతుందని ఆయనకు తట్టలేదు. ఇంకొక్కసారి పో, అన్నాడు. దాని తరువాత రుద్రవరానికి కబురు పెట్టక తప్పదని కూడా అన్నాడు.

ఆ తరువాత ఎనిమిది రోజులూ నాకు అవ్వ మాటే చెవిలో ఉంది. మనసులో ఉన్నది చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు భయం లేదు. ఆ అవ్వ అడిగినదాంట్లో సగం తప్పు, సగం నిజం. నేను నిలబడింది బోణీ కోసమే. కానీ లోపలికి రమ్మని పిలిచి నీళ్లు ఇచ్చి ఉంటే ఆ రోజు తాగేదాన్నా అని నన్ను నేను అడిగితే, తాగేదాన్ని కాదు. నా ముఖం చూస్తే చెడుతుందని ఊరు అంటే ఏడ్చిన నేను, ఇంకొకరి నీళ్లు చూసి అదే పని చేసేదాన్ని. ఆ రెండూ ఒకటేనని తెలుసుకోవడానికి నాకు ఖాళీ బండి తిరిగి రావలసి వచ్చింది.

రెండోసారి ఇప్పచెట్టు దగ్గర ఆగలేదు. నేరుగా పోయి అవ్వ గుడిసె ముందు నేల మీద కూర్చున్నాను. అవ్వ ఏదో గడ్డ చెక్కు తీస్తూ తల ఎత్తలేదు.

“వచ్చినావా దొరసానీ. ఈపొద్దు మొకం ఇటు తిరిగిందే.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను దాచకుండా చెప్పేశాను. మా ఆయన పోయారని, మా ఊళ్లో నాలాంటిది బోణీకి ముందు ఎదురుపడితే బేరం నాశనం అంటారని, మీకు చెడు జరగకూడదనే అటు తిరిగి నిలబడ్డానని, మైల అనుకుని కాదని. చివరి మాట చెప్పేటప్పుడు చూపు నేల మీదికి దించాను, ఎందుకో మీకు తెలుసు. మా ఆయన పోయిన సంగతి వాళ్లకు అప్పటిదాకా తెలియదు. అవ్వ చేతిలో గడ్డ కింద పెట్టింది. ఆ అన్న ఇంక రాడా అని ఒకామె అడిగితే, అవ్వ ఆమెను ఊరుకోమని చేయి ఊపింది. తరువాత నా బోసి చేతుల వైపు, మెడ వైపు, వింత వస్తువును చూసినట్టు చూసింది.

“నా మొగుడూ పోయినాడు. కుంకుడు చెట్టు కాయడం మానుకునిందా ఏంది?”

అనేసి, లోపలికి పోయి సొరకాయ బుర్రలో నీళ్లు తెచ్చి నా చేతికి ఇచ్చింది. పొగ వాసన వేసే నీళ్లు, చల్లగా ఉన్నాయి. చివరి చుక్క దాకా తాగాను. అవ్వ తన గంప తానే తెచ్చి నా ముందు పెట్టి, జొన్నలు నన్నే కొలవమంది. బండి అన్న శేరు అందుకోబోతే, ఆయన కొలిస్తే శేరు కూడా సిగ్గుపడి సగమే నిండుతుంది, ఆ పిల్లనే కొలవనీ అంది. మళ్లీ నవ్వులు. బండి అన్న ఆ మాటకు రుద్రవరం దాకా అలిగి, ఎద్దులతో తప్ప నాతో మాట్లాడలేదు. అట్లా ఆ గూడెంలో ఆ పొద్దుటి మొదటి కొలత నా చేతి మీదుగా జరిగింది. సాయంత్రానికి బండి నిండింది, దారిలో రెండు చోట్ల దిగి తాళ్లు బిగించుకోవలసి వచ్చింది.

ఇంక మిగిలింది నంద్యాల. బస్సు పైన మూటలు వేసుకుని, బండి అన్నను వెంట తీసుకుని, పొద్దున్నే మండీ వీధిలో దిగాను. అంగళ్ల వాళ్లు అప్పుడే వాకిళ్లలో నీళ్లు చల్లి సాంబ్రాణి వేస్తున్నారు. మా సరుకు కొనే సాయిబుది వీధి చివర మండీ. గూడెంలో ఎంత నేర్చుకున్నా, వీధి కనబడేసరికి కాళ్లు మళ్లీ పాత పాఠం చెప్పాయి, నేను పోయి గోడ పక్కన నిలబడ్డాను. సాయిబు పెద్దాయన, తెల్లగడ్డం, మా మామకు ఎరిగినవాడు. మూటలు దించుతున్న బండి అన్నను అడిగి నేనెవరో తెలుసుకుని, గుమ్మం దాకా వచ్చి, నా వైపు కాకుండా నా పక్కన గోడ వైపు చూస్తూ మాట్లాడాడు.

“సరుకు తెచ్చిన మనిషి బయట నిలబడితే నా మండీకి సిగ్గు బేటీ. లోపలికి రా.”

ఇంకా బోణీ కాలేదు కదా అన్నాను. ఆయనకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమైన తరువాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. లోపల పీట వేయించాడు, సాసరులో టీ వచ్చింది. గూడెం నీళ్లు తాగినదానికి ఆ టీ తాగడం పెద్ద పని కాలేదు గానీ, మామకు మాత్రం ఆ సంగతి ఏడాది దాకా చెప్పలేదు. టీ తాగేదాకా ఆయన మామ కాళ్ల గురించీ, చెరువుల్లో నీళ్ల గురించీ మాట్లాడాడు తప్ప కుంకుడుకాయల మాటే ఎత్తలేదు. నాకు మాత్రం ఒకటే ఆలోచన. ఆ తువ్వాలు కింద నా చేయి ఎట్లా పెట్టాలి. పరాయి మగవాడి వేళ్లు పట్టుకుని బేరం ఆడింది అంటే ఆళ్లగడ్డలో ఇంకెవరూ నన్ను గుమ్మం తొక్కనివ్వరు, నోటితో ధర అడిగితే మండీ అంతా వింటుంది, రేపటి నుంచి అందరూ అదే ధర కడతారు.

సాయిబు ముందే ఆలోచించుకున్నాడు. మండీ వెనక గది గుమ్మానికి ఒక పరదా ఉంది, దాని వెనక ఆయన తల్లి ఉంటుందట, పేరుకు కొడుకు కూర్చున్నాడు గానీ సరుకు మంచీ చెడ్డా తేల్చేది ఆమేనట. గుప్పెడు కుంకుడుకాయలు పరదా వెనక్కి పంపాడు. గింజలు గలగలలాడించిన చప్పుడు, ఒకటి పగలగొట్టిన చప్పుడు వినిపించాయి. తరువాత పరదా అంచు కింద నుంచి ఒక ముసలి చేయి బయటికి వచ్చింది, గోరింట పండి వెలిసిపోయిన గోళ్లు, మణికట్టుకు సన్నటి వెండి కడియం. సాయిబు ఆ చేయి మీదా నా చేయి మీదా తువ్వాలు కప్పి, తాను వీధి వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ వేళ్లు నా వేళ్లను పట్టుకోగానే నేను లెక్క మరిచిపోయాను. మా ఆయన పోయిన తరువాత నా బిడ్డ తప్ప నన్ను ఎవరూ ముట్టుకోలేదు, గాజులు తీసేసిన రోజు తరువాత నా చేయి పట్టుకున్న మొదటి పరాయి మనిషి ఆమె, ఆమె మొహం నేను ఏనాడూ చూడలేదు. ఆ వేళ్లు మెల్లగా నా మణికట్టు దాకా వచ్చాయి, గాజులు తగులుతాయని వెతికినట్టున్నాయి, బోసిగా ఉండటం తెలిసి అక్కడ ఆగాయి. కాసేపు అట్లాగే పట్టుకుంది. తరువాత వెనక్కి వచ్చి, మామ చెప్పి పంపిన ధర కంటే రెండు వేళ్లు తక్కువ పెట్టింది. నేను రెండూ కలిపాను. ఆమె ఒకటి తీసింది. నేను సగం నొక్కాను. గోటితో గిచ్చింది, నేను వదలలేదు. చివరికి మామ చెప్పిన ధరకు అర్ధ తక్కువలో తెగింది. నా మీద జాలిపడి ఒక్క వేలు కూడా ఎక్కువ పెట్టలేదు ఆమె. ఆ రోజంతా నేను తలెత్తుకుని నడిచింది అందుకే. పరదా వెనక నుంచి నవ్వు వినిపించింది, ఉర్దూలో ఏదో అంది, సాయిబు కూడా నవ్వి, పిల్ల పిడికిలి గట్టిదే అంటోంది మా అమ్మ, అని చెప్పాడు. ఆ పొద్దున ఆ మండీలో మొదటి బేరం అదే.

ఆళ్లగడ్డ చేరి మామకు అంతా చెప్పాను, టీ తప్ప. రుద్రవరానికి కబురు పోలేదు. మామ ఏమీ మెచ్చుకోలేదు, అది ఆయన తీరు కాదు. మళ్లీ వారం గూడేనికి బండి కట్టిన పొద్దున, ఎప్పుడూ మొదటి మూటను బండి అన్న చేత ఎత్తించే మనిషి, కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చి, మొదటి మూట నువ్వే ఎత్తమ్మా అన్నాడు. ఎదురింటివాళ్లు అరుగు మీద నుంచి చూస్తున్నారు, వాళ్లకు వినపడేటట్టే అన్నాడు. నేను ఎత్తాను. ఆరు కుంకుడు కాలాలు ఆ బండి తోలించాను, రాజధాని కర్నూలు వదిలి పోయింది, మామ పోయాడు, కూతురు పలక పట్టింది, ఆ తరువాత అడవి సరుకు అంతా సర్కారు సొసైటీ వాళ్లే కొనేటట్టు మారింది, నేను ఆళ్లగడ్డలోనే చిన్న అంగడి పెట్టుకున్నాను. నా వల్ల మా ఊరి షావుకార్లు మారారని చెప్పను. వాళ్ల అంగళ్లకు పోయినప్పుడు చివరిదాకా గోడ పక్కనే నిలబడ్డాను, వాళ్ల ఇంటి మర్యాద వాళ్లది, పోట్లాడే ఓపిక నాకు లేదు. మూడు చోట్ల మూడు రకాలుగా నిలబడటం నేర్చుకున్నాను, అంతే. ఎక్కడ నేను మనిషినో, ఎక్కడ కానో మాత్రం నాకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది.

ఇప్పుడు ఆళ్లగడ్డలో పొద్దున్నే ఏ అంగడికి పోయినా నన్ను పక్కకు నిలబడమనేవాళ్లు లేరు, అది మంచి మార్పే, నా వయసు ఆడవాళ్లలో ఎంతమందికి అది ఎంత బరువు దిగినట్టో రాసి చూపించలేం. కానీ అంగడి పిల్లాడు తల వంచుకుని సెల్లు చూస్తూనే సరుకు కడతాడు, కొనేవాళ్లు సెల్లును ఏదో గళ్ల బొమ్మకు చూపించి డబ్బులు కట్టి పోతారు, బోణీ అయిందో లేదో వాడికే గుర్తుండదు. నా ముఖం చూస్తే చెడుతుందని భయపడినవాళ్లు పోయారు, ముఖం చూసేవాళ్లూ వాళ్లతోనే పోయినట్టున్నారు. ఉప్పుకో చక్కెరకో పోయిన పొద్దున నా కాళ్లు ఇప్పటికీ వాటంతట అవే గోడ పక్కన ఆగుతాయి. కాసేపు నిలబడి, పిలిచేవాళ్లు ఎవరూ లేరని గుర్తొచ్చి, నేనే లోపలికి పోతాను.